వెనక మిగిలిన ఏడంగుళాలు

గువ్వలచెరువులో కోవా అంగడి ముందు బండి ఆపాను. మా ఆవిడ దిగి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అలాగే వంగి నిలబడిపోయింది.

"కోవా తీసుకుందామా?" అన్నాను.

"ఇక్కణ్ణుంచి కడపకు బస్సు ఎన్ని గంటలకుందో కనుక్కోండి" అంది.

వేళాకోళం అనుకుని నవ్వబోయి, మొహం చూసి ఆగిపోయాను. రాయచోటిలో వాళ్ల పుట్టింటి నుంచి బయల్దేరి అప్పటికి సగం దూరమే వచ్చాం. ఇంకా కొండ మలుపుల ఘాటు రోడ్డు దిగాలి.

అంతకు రెండు నెలల ముందే రెండున్నర వేలు ఖర్చు పెట్టి బండిని నా ఒంటికి సరిపోయేట్టు చేయించుకున్నాను. నాకైతే హాయిగా ఉంది. ఆ హాయికి వెనక సీట్లో ఎవరు కట్నం చదివిస్తున్నారో తెలియడానికి ఆ కోవా అంగడి దాకా రావాల్సి వచ్చింది.

నేను ఆరడుగుల మూడంగుళాలు. సర్వే పని. రోజూ పోను 30 కిలోమీటర్లు, రాను 30. బండి 150 సీసీ. పేరెందుకు గానీ, వీధికి నాలుగు కనిపించే రకమే. సీటు నేల నుంచి 79 సెంటీమీటర్లు. మామూలు ఎత్తు మనిషికి భేషుగ్గా ఉంటుంది. నేనెక్కితే సర్కస్ ఎలుగుబంటి సైకిలెక్కినట్టు ఉంటుందని మా బామ్మర్ది అంటాడు.

నవ్వులాట సంగతి అట్లుంచితే, నొప్పి మాత్రం నిజం. బండి మీద మన ఒళ్లు మూడు చోట్ల ఆనుతుంది. సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్టు. ఈ మూడింటి మధ్య దూరాలే అసలు లెక్క. సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య చోటు చాలకపోతే మోకాళ్లు ముడుచుకుంటాయి. ముడుచుకున్న మోకాలు ట్యాంకు పక్కన దానికోసమే ఇచ్చిన పల్లంలో కుదరదు, పైకీ బయటికీ వచ్చేస్తుంది. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోలేనప్పుడు, బ్రేకు వేసినప్పుడల్లా ఒంటి బరువంతా చేతుల మీదికి వస్తుంది. అరగంటకల్లా అరచేతులు తిమ్మిరెక్కుతాయి. పొలంలో దిగి టేపు పట్టుకోబోతే వేళ్లు నావి కానట్టే ఉండేవి.

ఇట్లాంటప్పుడు పొడుగు మనిషి తనకు తెలియకుండానే వెనక్కి జరుగుతాడు. జరిగితే మోకాలు కాస్త విచ్చుకుంటుంది, ప్రాణం కుదుటపడుతుంది. ఒంటరిగా పోయేటప్పుడు దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.

కడపలో ఏడు రోడ్ల సర్కిల్ దగ్గర ఒక సందులో సీట్లు కుట్టే భాయ్ ఉన్నాడు. పొద్దున సీటు విప్పి ఇస్తే సాయంత్రానికి కుట్టి ఇస్తాడు. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని, తలెత్తి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీకు సీటు చాలదు సార్, మిద్దె కట్టాల" అన్నాడు. నేను అడిగింది రెండే: సీటు అంగుళం పైకి లేపు, నేను వెనక్కి జరిగి కూర్చోవడానికి చోటివ్వు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మెట్టులా ఒక గట్టు ఉంటుంది కదా, ఆయన దాన్ని రెండంగుళాలు వెనక్కి నెట్టాడు. 1,200 రూపాయలు. వెనక ఎవరు కూర్చుంటారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

సీటు లేస్తే హ్యాండిల్ అంత కిందికి పోయినట్టే. వీపు వంగుతుంది. అందుకని రైజర్లు వేయించాను. హ్యాండిల్ రాడ్డుకూ దాన్ని పట్టుకునే క్లాంపుకూ కింద పెట్టే అల్యూమినియం దిమ్మెలవి. నావి 30 మిల్లీమీటర్లవి. పని అరగంటలో అయిపోయింది. ఇంజన్ స్టార్ట్ చేసి హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పాను. నేను యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే బండి గుర్రుమంది.

"ఏం కాదు సార్, రెండు దినాలకు కేబుల్ అదే సర్దుకుంటాది" అన్నాడు మెకానిక్.

సర్దుకోదు. హ్యాండిల్ పైకి లేచింది, కేబుల్ మాత్రం పాత పొడవే. తిప్పినప్పుడు అది బిగుసుకుని, దానంతటదే యాక్సిలరేటర్‌ను లాగుతోంది. రద్దీలో యూటర్న్ కొడుతుంటే బండి ముందుకు దూకిందనుకోండి, ఎవరిది పూచీ? నేను కదలలేదు. ఆయన గొణుక్కుంటూ ట్యాంకు విప్పి, కేబుళ్లను ఇంకో దారిలో తిప్పి బిగించాడు. రైజర్లు వేయించుకునేవాళ్లు డబ్బులిచ్చే ముందు ఈ పని తప్పకుండా చేయండి. బండి సెంటర్ స్టాండ్ మీద, న్యూట్రల్‌లో ఉంచి ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఇంజన్ చప్పుడు మారకూడదు. ముందు బ్రేకు గొట్టం బిగుసుకోకూడదు. క్లచ్ లీవర్ కొసన 10 నుంచి 15 మిల్లీమీటర్ల వదులు ఎటు తిప్పినా అలాగే ఉండాలి.

రెండు నెలలు బ్రహ్మాండంగా గడిచాయి. మధ్యలో ఒకసారి ఒంటిమిట్టకు పోయొచ్చాం. దిగాక "కాళ్లు లాగుతున్నాయి" అంది మా ఆవిడ. గుడిలో చాలాసేపు నిలబడ్డాం కదా, అందుకే అనుకున్నాను.

ఆ తర్వాతే ఈ రాయచోటి ప్రయాణం. పోయేటప్పుడు ఘాటు ఎక్కుతుంటే హ్యాండిల్ తేలిగ్గా తగిలింది. ముందు చక్రం నేలను అంటీ అంటనట్టు నడుస్తున్న భావన. లారీ వెనక రెండో గేరులో పోతూ మలుపు తిప్పితే బండి నేననుకున్న గీత మీద కాకుండా ఇంకాస్త బయటికి పోయింది. గుండె ఝల్లుమంది గానీ, గాలి తక్కువేమోనని సర్దిచెప్పుకున్నాను. వచ్చేటప్పుడు సంగతి మీకు తెలుసు. బస్సు దొరకలేదు. మెల్లగా ఘాటు దిగాం. బ్రేకు పట్టినప్పుడల్లా ఆమె జారి నా వీపు మీదికి వచ్చేది, హెల్మెట్లు టక్కుమనేవి. కిందికి వచ్చేసరికి పదకొండు సార్లు. లెక్క ఆమెది.

ఇంటికొచ్చాక చీరలు మడతపెట్టుకుంటూ, నా వైపు చూడకుండానే అంది. "మీరొకసారి ఎనక కూర్చోని చూడండి."

మరుసటి వారం బామ్మర్ది వచ్చినప్పుడు కూర్చున్నాను. అతను నడిపాడు. చిన్నచౌకు నుంచి రిమ్స్ ఆసుపత్రి దారిలో కొంత దూరం పోయి తిరిగొచ్చాం. పావుగంట కూడా కాదు. నేను నడిపేటప్పుడు ఉండేంత వెనక్కే జరిగి కూర్చోమని అతనికి చెప్పాను. సీటు చివర వెనక్కి వాలుగా ఉంది, జారి కిందపడతానేమోనని కాళ్లు బిగబట్టుకోవాల్సి వచ్చింది. పట్టుకునే కమ్మీ సరిగ్గా వెన్నెముక కొసన తగులుతోంది. ఇవన్నీ ఒక ఎత్తు. స్పీడ్ బ్రేకర్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం ఒక ఎత్తు. నాకు బామ్మర్ది తల మీదుగా రోడ్డు కనిపిస్తుంది కాబట్టి ముందే సర్దుకున్నాను. ఆమె అయిదడుగుల ఒక అంగుళం. నాలుగేళ్లుగా ఆమె చూసిన దారంతా నా చొక్కా వెనక భాగమే.

బండి మార్చమన్నాడు బామ్మర్ది. "హిమాలయన్ తీసుకో బావా, నీకు సరిపోతాది" అని. హిమాలయన్ 450 సీటును 825 నుంచి 845 మిల్లీమీటర్ల దాకా ఎత్తు మార్చుకోవచ్చు, నిజమే. నాకు కుదురుతుంది. వెనకెక్కడానికి మా ఆవిడకు నిచ్చెన కొనాలి. డబ్బు సంగతి సరేసరి.

ఆదివారం పొద్దున వసారాలో బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టాను. ఊళ్ల పొలాలన్నీ కొలిచేవాణ్ణి, నా బండి సీటు ఎప్పుడూ కొలవలేదు. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకుని, రోజూ కూర్చునేట్టే కూర్చున్నాం. బామ్మర్ది టేపు పట్టాడు. ఎదురింటి పెద్దమ్మ గేటు దగ్గరికొచ్చి, ఇద్దరూ కదలని బండెక్కి యాడికి పోతున్నారని అడిగింది.

సీటు మొత్తం 25 అంగుళాలు. ట్యాంకు నుంచి నా వీపు దాకా 18. ఆమెకు మిగిలింది ఏడు. రోజూ నా భోజనం డబ్బా పెట్టుకునే సంచి కూడా అంతకన్నా వెడల్పు.

బామ్మర్ది దారానికి బోల్టు కట్టి ఆమె తుంటి దగ్గర నుంచి వేలాడదీశాడు. బోల్టు వెనక చక్రం ఇరుసుకు నాలుగు వేళ్లు వెనకగా ఆగింది. ఘాటు మీద హ్యాండిల్ ఎందుకు తేలిపోయిందో అప్పుడర్థమైంది. ఇరుసుకు వెనక పడిన బరువు కాటా కొసన కూర్చున్నట్టే. వెనక దిగుతుంది, ముందు లేస్తుంది. పైగా భాయ్ సీటు మొత్తాన్ని అంగుళం లేపాడు, ఆమె వైపు కూడా. దాంతో ఆమె కాళ్లు ఫుట్‌రెస్టును వేళ్ల కొసలతో మాత్రమే అందుకుంటున్నాయి. ఒంటిమిట్ట దారిలో కాళ్లు లాగింది గుడిలో నిలబడి కాదు.

ఈసారి భాయ్ దగ్గరికి ఇద్దరం పోయాం. ఆయన నన్ను పక్కన పెట్టి ఆమెనే అడిగాడు. ఎక్కడ నొప్పి, జారేది ముందుకా వెనక్కా, చీర కట్టుకుని పక్కకు కూర్చుంటారా, అటూ ఇటూ కాళ్లేసి కూర్చుంటారా? దూర ప్రయాణాలకు చుడీదారే వేసుకుంటానని, రెండు వైపులా కాళ్లేసి కూర్చుంటానని చెప్పింది. అన్నీ విని ఆయన నా వైపు తిరిగాడు. "మొదుట్నే అమ్మను పిల్చుకోనొచ్చింటే ఒక్క కూలితో పోయేది గదా సార్."

గుడ్డ విప్పి, సుద్దముక్కతో గీతలు గీశాడు. నేను వెనక్కి జరగడం ఎందుకు? మోకాలి కోసం. మోకాలికి చోటు పొడవులో కాకుండా ఎత్తులో ఇస్తే జరగాల్సిన పనే ఉండదు. కాబట్టి నా వైపు ఇంకో అంగుళం లేపి, గట్టును మళ్లీ ముందుకు తెచ్చాడు. ఆమె వైపు తను పెంచిన అంగుళాన్ని తనే చెక్కేశాడు. రెండు రకాల ఫోమ్ ముక్కలు తీసి నా బొటనవేలితో నొక్కించి చూపించాడు. మెత్తనిది వెంటనే లోపలికి పోయింది. "అంగట్లో కూర్చుంటే ఇదే బాగుంటాది. గంటసేపు పోతే అడుగు రేకు తగుల్తాది" అన్నాడు. గట్టిది అడుగున, మెత్తనిది పైన పలచగా అతికించాడు. పొడవాటి కత్తితో చెక్కి, గ్రైండర్‌తో నున్నగా చేశాడు. సందంతా బంక వాసన, పసుపుపచ్చ పొడి. నా సీటు ముందుకు వాలి ట్యాంకు మీదికి తోసేది, దాన్ని మట్టం చేయించాను. ఆమె సీటు ముందు అంచును మాత్రం రవ్వంత పైకి ఉంచాడు. బ్రేకు వేసినప్పుడు జారకుండా అదే ఆపుతుంది. తొడల దగ్గర అంచులు గుండ్రంగా చెక్కాక ఆమె కాళ్లు నేరుగా కిందికి దిగి ఫుట్‌రెస్టుకు ఆనాయి. 1,500 తీసుకున్నాడు. బేరమాడే మొహం నాకు లేదు.

నల్ల రెక్సిన్ వద్దని నేను పట్టుబట్టాను. కడప మే నెల ఎండలో గంట నిలబెడితే కారం దోసె పోసుకోవచ్చు దాని మీద. లేత గోధుమ రంగు వేశాడు, అది కూడా కాలుతుంది గానీ కాస్త తక్కువ.

సీటు తర్వాత వెనక షాక్ అబ్జార్బర్లు. స్ప్రింగు అడుగున మెట్లు మెట్లుగా ఉండే రింగు ఉంటుంది. టూల్‌కిట్‌లో ఇచ్చే కొక్కెం పానాతో తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. మొత్తం అయిదు మెట్లు. కొన్నప్పటి నుంచీ నాది రెండో మెట్టు మీదే ఉంది, ముట్టుకున్న పాపాన పోలేదు. మేమిద్దరం కలిపి 146 కిలోలు, పైన సంచి, హెల్మెట్లు. మాన్యువల్‌లో రాసిన బరువుకు దరిదాపుల్లోనే ఉన్నాం. ఇరుసు నుంచి పైనున్న ఒక బోల్టు దాకా ఖాళీ బండి మీద కొలిచి, ఇద్దరం కూర్చుని మళ్లీ కొలిచాం. ఆరు సెంటీమీటర్లు దిగింది. అది దిగగలిగేదే పది సెంటీమీటర్లు. గుంతకు మిగిలింది నాలుగే. నాలుగో మెట్టుకు తిప్పాక నాలుగున్నర సెంటీమీటర్లే దిగింది. రెండు వైపులా ఒకే మెట్టు మీద ఉండాలి, పొరపాటున ఒకటి మూడు, ఒకటి నాలుగు పెట్టొద్దు. ఒక్కడినే పోయేటప్పుడు నాలుగో మెట్టు దడదడలాడిస్తుంది, అందుకని మళ్లీ దించుకుంటాను. రెండు నిమిషాల పని.

దీనివల్ల నేనూహించని లాభం ఒకటి కలిగింది. వెనక అంతగా కుంగితే హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది. రాత్రిపూట ఎదురొచ్చే లారీలు నాకు లైట్లు కొడుతుంటే వాళ్లను తిట్టుకునేవాణ్ణి. తప్పు నాదే. ఇప్పుడు ఎవరూ కొట్టడం లేదు.

టైర్లలో గాలి సంగతి చైన్ కవర్ మీద స్టిక్కర్‌లోనే ఉంది. నా బండి వెనక టైరుకు ఒక్కరైతే 28, ఇద్దరైతే 32 పీఎస్ఐ. పొద్దున్నే, బండి నడపకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

గేర్ లీవర్, బ్రేకు పెడల్ అందరూ మర్చిపోయేవి. నా కాలికి పన్నెండో నంబరు బూటు. లీవర్ కింద దూర్చాలంటే ప్రతిసారీ కాలు మెలిపెట్టాలి. బోల్టు వదులు చేసి, లీవర్‌ను షాఫ్టు మీది పళ్లలో ఒక్క పన్ను పైకి మార్చితే సరిపోయింది. బ్రేకు పెడల్‌ను కొద్దిగా దించాను, ఇంట్లోనే. పొంగిపోయి ఆఫీసుకు పోతుంటే, వెనక స్కూటీ మీదొచ్చిన ఒకాయన పక్కకొచ్చి, "అన్నా, ఇర్కాన్ సర్కిల్ కాడి నుంచి బ్రేకు మీదే ఉండావు" అన్నాడు. పెడల్ దించితే దానికి స్ప్రింగుతో కట్టిన లైటు స్విచ్చు కూడా లాగబడి, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. స్విచ్చు నట్టు తిప్పి సరిచేశాను. రోజంతా వెలిగే బ్రేకు లైటు అసలే లేనిదానికంటే ప్రమాదం. వెనకవాళ్లు దాన్ని నమ్మడం మానేస్తారు.

చేయనివి కూడా చెప్పాలి. ఫుట్‌రెస్టులను కిందికి దించే బ్రాకెట్లు దొరుకుతాయి. వద్దనుకున్నాను. మలుపులో బండి వాలినప్పుడు అవి నేలను గీరుకుంటాయి, పైగా గేరు, బ్రేకు పైనే ఉండిపోతాయి. చీర చక్రంలో పడకుండా ఉండే కమ్మీని తీసేస్తే బండి 'లుక్' బాగుంటుందని మెకానిక్ సలహా ఇచ్చాడు. వెనక మనిషి కూర్చునే బండికి పట్టుకునే కమ్మీ, ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతుంది. నియమం లేకపోయినా తీసేవాణ్ణి కాదు. ఆర్సీలో రాసిన వివరాలు మారేటట్టు బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, అందుకే కోతలు, వెల్డింగులు దేనికీ పోలేదు. విప్పి మళ్లీ పాతదిగా పెట్టుకోగలిగినవే చేశాను.

అద్దాల సంగతి ఒక్కటే మిగిలింది. ఇప్పటికీ సగం అద్దంలో నా మోచెయ్యే కనిపిస్తుంది.

దసరాకు మళ్లీ రాయచోటి పోయాం. ఘాటు ఎక్కేటప్పుడు హ్యాండిల్ నా మాట విన్నది, మలుపులో అనుకున్న గీత మీదే నిలిచింది. ఆమె కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టింది. నా ఫీల్డు సంచికి నడుం బెల్టు ఉంటుంది, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వెనక కమ్మీ మీద వేస్తుంది. బ్రేకు పడితే ముందుకు రాకుండా కమ్మీ, పికప్ ఇస్తే వెనక్కి పోకుండా బెల్టు. నేను కూడా వేళ్లతో ఒక్కసారిగా నొక్కకుండా, బ్రేకును మెల్లగా మొదలుపెట్టి పెంచుతున్నాను. స్పీడ్ బ్రేకర్ ముందు ఎడమ మోచేత్తో ఆమె మోకాలిని తడతాను.

తిరిగొచ్చేటప్పుడు అదే కోవా అంగడి. దిగి, నేరుగా అంగట్లోకి నడిచి, అరకిలో కట్టించింది. ఘాటు దిగేలోపు హెల్మెట్లు రెండుసార్లే తగిలాయి. ఒకటి నా తప్పు కాదు, ఎనుములు అడ్డమొచ్చాయి.

భాయ్‌కి కోవా ఇవ్వాలని అంది. మరుసటి రోజు ఇద్దరం పోయి ఇచ్చాం. సీటు ఎట్లుందని అడిగాడాయన.

"అంతా బాగుంది భాయ్. కానీ ఎనక కూర్చుంటే నాకు దారి కనిపించదు. దానికేమన్నా చేస్తావా?"

ఆయన కోవా నోట్లో వేసుకుని, నన్ను మళ్లీ కింది నుంచి పైదాకా చూశాడు.

"దానికి సీటు గాదమ్మా, సారును కత్తిరించాల."